పాత బిలియర్డ్స్ క్యూ: బ్యాడ్జ్‌ని నమ్మాలా, కర్రని నమ్మాలా?

పాత క్యూ, అంటే బిలియర్డ్స్ బంతిని కొట్టే పొడవాటి కర్ర, అమ్మకానికి పెట్టేవాళ్లు మొదట చూపించేది దాని మీదున్న పేరునే. ఫొటోల్లో సగం ఆ పేరున్న చిన్న పలక, అంటే బ్యాడ్జ్‌వే ఉంటాయి. టిప్ (బంతిని తాకే కొస) దగ్గర, జాయింట్ (రెండు ముక్కలు కలిసే చోటు) దగ్గర, బట్ (చేత్తో పట్టుకునే లావు భాగం) అడుగున తీసిన ఫొటోలు మాత్రం అడిగితే గానీ రావు. కొనేవాళ్లకి అసలు పనికొచ్చేవి ఆ రెండో రకమే. పేరు అతికించవచ్చు, మార్చవచ్చు. చనిపోయిన ఆటగాడి పేరు మీద కూడా ఏళ్ల తరబడి క్యూలు తయారవుతూనే ఉంటాయి. కర్రని ఎలా అతికారు, ఎలా చిత్రిక పట్టారు, ఎన్నిసార్లు కోసి అరగదీశారు అన్నది దాచడం అంత తేలిక కాదు.

వింటేజ్ పేరుతో చేతులు మారే క్యూలు ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి, ఇంగ్లండ్‌లోనో ఆస్ట్రేలియాలోనో తయారై బట్ మీద బ్యాడ్జ్ ఉన్న ఒంటి కర్ర క్యూలు. రెండు, బ్రన్స్‌విక్ లాంటి అమెరికన్ ఫ్యాక్టరీల క్యూలు. మూడు, అమెరికాలోనే పేరున్న మేస్త్రీలు తమ చిన్న వర్క్‌షాపుల్లో చేసిన కస్టమ్ క్యూలు. ఆడటానికా, దాచుకోవడానికా, మళ్లీ అమ్మడానికా అన్నది ముందు తేల్చుకోండి. ఆ తర్వాత, మీ చేతిలో ఉన్న సాధనాలతో దేని చరిత్రని రుజువు చేసుకోగలరో చూడండి. ఈ రెండో ప్రశ్న వేసుకోకపోవడం వల్లే ఎక్కువమంది నష్టపోతారు.

ముందు టేపు, ఆ తర్వాతే కథ

ఏ ఆటకి చేసిన క్యూ అన్నది కొలతలే చెప్పేస్తాయి. టిప్ 9 నుంచి 10 మిల్లీమీటర్లు, ఇత్తడి ఫెరూల్ (టిప్ కింద ఉండే ఉంగరం లాంటి తొడుగు), గీతలు కొట్టొచ్చినట్టు కనిపించే యాష్ కర్ర, దాదాపు 58 అంగుళాల పొడవు ఉంటే అది స్నూకర్ లేదా ఇంగ్లిష్ బిలియర్డ్స్ క్యూ. టిప్ 13 మిల్లీమీటర్ల దగ్గర ఉండి, మేపుల్ షాఫ్ట్ (బట్ పైన సన్నగా సాగే భాగం), తెల్లటి ఫెరూల్ ఉంటే పూల్ క్యూ. టిప్ 11, 12 మిల్లీమీటర్ల మధ్య ఉండి పొడవు కాస్త తక్కువైతే పాకెట్లు లేని బల్ల మీద ఆడే క్యారమ్ బిలియర్డ్స్ క్యూ అయ్యే అవకాశం ఎక్కువ.

ఇక్కడే ఒక చిన్న కిటుకు ఉంది. షాఫ్ట్ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, పై నుంచి కోస్తే కొత్త చివర లావుగా ఉంటుంది. ఇంగ్లిష్ క్యూ పొడవు 55 అంగుళాలే ఉండి, టిప్ చూస్తే 11 మిల్లీమీటర్లు ఉందనుకోండి. ఎప్పుడో పై భాగం విరిగితేనో పగిలితేనో కోసేసి ఉంటారని అనుమానించాలి. అదే పొడవులో టిప్ సన్నగా ఉంటే, కోశాక షాఫ్ట్‌ని కూడా అరగదీసి ఉండవచ్చు, లేదా బట్ వైపు కోసి ఉండవచ్చు. బట్ వైపు కోసిన క్యూలో బ్యాడ్జ్ అడుగు అంచుకి మరీ దగ్గరగా వస్తుంది.

పాత ఇంగ్లిష్ క్యూల్లో బట్ మీద 15½, 16, 17 లాంటి అంకెలు పొడిచి ఉంటాయి. అవి ఔన్సుల్లో బరువు. వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టి చూడండి. కర్ర ఆరడం వల్లనో, ఫెరూల్ మార్చడం వల్లనో కొంచెం తేడా సహజం. రెండు ఔన్సులు తగ్గిందంటే మాత్రం ఎక్కడో కర్ర పోయినట్టే.

బ్యాడ్జ్ చెప్పేది ఎంతవరకు?

ఇంగ్లిష్ క్యూలతో ఉన్న సౌకర్యం బ్యాడ్జే. కాకపోతే దాన్ని సరిగ్గా చదవాలి. బ్యాడ్జ్ మీద ఏదైనా రికార్డు ఉంటే, ఆ క్యూ అంతకుముందు తయారై ఉండదు. ఎంత తర్వాత తయారైందన్నది మాత్రం దాన్నిబట్టి తెలియదు. ఆస్ట్రేలియా ఆటగాడు వాల్టర్ లిండ్రమ్ 1932 జనవరిలో లండన్‌లోని థర్స్టన్స్ హాల్లో ఇంగ్లిష్ ఆటగాడు జో డేవిస్ మీద 4,137 బ్రేక్ (ఒకే వంతులో ఆగకుండా చేసిన పాయింట్లు) కొట్టాడు. ఆ అంకె ఉన్న బ్యాడ్జ్ 1932కి ముందుది కానే కాదు. ఆ రికార్డు తర్వాత ఎవరూ దాటలేదు కాబట్టి, అదే అంకెతో దశాబ్దాల తర్వాత కూడా క్యూ చేసి ఉండవచ్చు. మరో బిలియర్డ్స్ ఆటగాడు జార్జ్ గ్రే పేరుతో 2,196 అని కనిపిస్తే అది 1911 నాటి బ్రేక్. జో డేవిస్ పేరు పక్కన 147 ఉంటే, ఆ స్నూకర్ బ్రేక్ 1955 జనవరి 22న కొట్టినది. దానికి అధికారిక గుర్తింపు వచ్చింది 1957లో. అందుకని "1930ల నాటి జో డేవిస్ క్యూ" అంటూ 147 బ్యాడ్జ్ చూపిస్తే అక్కడితో ఆ మాట ముగించేయవచ్చు.

రికార్డు లేకపోతే కంపెనీ పేరు, చిరునామా చూడాలి. థర్స్టన్ కంపెనీ 1799లో మొదలైంది. లెస్టర్ స్క్వేర్‌లో వాళ్ల పేరుమోసిన హాల్ 1901లో తెరుచుకుంది, 1940 అక్టోబరులో బాంబు పడి దెబ్బతింది. లెస్టర్ స్క్వేర్ చిరునామాతో ఉన్న థర్స్టన్ బ్యాడ్జ్‌ని 19వ శతాబ్దానికి తీసుకెళ్లడం కుదరదు. బరోస్ అండ్ వాట్స్ 1836 నుంచి ఉన్న సంస్థ, సోహో స్క్వేర్ వాళ్ల అడ్రసు. బర్‌వాట్ అన్నది వాళ్ల పేర్ల ముక్కలు కలిపి పెట్టుకున్న బ్రాండ్. రైలీ, బర్‌వాట్ పేర్లు రెండూ కలిసి కనిపిస్తే, 1960లలో రైలీ అనే మరో ఇంగ్లిష్ కంపెనీ ఆ సంస్థని తీసుకున్న తర్వాతి క్యూ అన్నమాట. ఆస్ట్రేలియా క్యూల్లో ఎక్కువగా కనిపించే ఆల్కాక్ పేరు మెల్‌బోర్న్‌లో 1853 నుంచి ఉంది.

రాజకుటుంబానికి సరఫరాదారులం అని గొప్పగా వేసుకున్న బ్యాడ్జ్‌లు కూడా పనికొస్తాయి. రాజు ప్రస్తావన ఉంటే 1901, 1952 మధ్య అనుకోవచ్చు. రాణి అని ఉంటే ఏ రాణి? విక్టోరియా అయితే 1901కి ముందు, ఎలిజబెత్ అయితే 1952 తర్వాత. ఈ రెంటి మధ్య యాభై ఏళ్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీని తేల్చాల్సింది బ్యాడ్జ్ కాదు, కర్ర. రిజిస్టర్డ్ డిజైన్ నంబరు ఉంటే అది 1884 తర్వాతిది, ఎందుకంటే బ్రిటన్‌లో ఆ వరుస నంబర్లు ఆ ఏడాదే మొదలయ్యాయి. నంబరు పట్టుకుని ఏడాదిని దాదాపుగా తేల్చుకోవచ్చు.

ఇక బ్యాడ్జ్ ఆ క్యూదేనా? పాత బ్యాడ్జ్‌లు తీసి మామూలు కర్రకి బిగించడం, కొత్తగా నకళ్లు అచ్చు వేయడం రెండూ ఉన్నాయి. భూతద్దం పెట్టి బ్యాడ్జ్ అంచు చుట్టూ ఒక్క నిమిషం చూడండి. మొదటి నుంచి ఉన్నదైతే గాడి, బ్యాడ్జ్ ఒకే ఆకారంలో అమరి, అంచులో ఏళ్లనాటి మడ్డి సమానంగా పట్టి ఉంటుంది. మార్చినదైతే ఒకపక్క ఖాళీని లప్పంతోనో జిగురుతోనో పూడ్చి ఉంటారు. లేదా వెనక వేరే ఆకారపు పాత నీడ కనిపిస్తుంది. కర్ర అంతా గీతలు పడి నల్లబడి, బ్యాడ్జ్ మాత్రం కడిగిన ముత్యంలా ఉంటే అనుమానించడం తప్పేమీ కాదు.

అతుకు దగ్గర ఆగండి

నన్ను ఒక్కచోటే చూడనిస్తామంటే, నేను స్ప్లైస్, అంటే రెండు కర్రలు అతికిన చోటు, దగ్గరే చూస్తాను. ఇంగ్లిష్ క్యూలో యాష్ లేదా మేపుల్ షాఫ్ట్‌కి నాలుగు వైపులా ఎబొనీనో, రోజ్‌వుడ్‌నో అతికి బట్ తయారు చేస్తారు. చేత్తో చేసే పద్ధతిలో షాఫ్ట్‌ని నాలుగు పక్కలా ఏటవాలుగా చదును చేసి, ఒక్కో చెక్క అతికి, తర్వాత గుండ్రంగా చిత్రిక పడతారు. ఏటవాలు చదునుని గుండ్రం చేసినప్పుడు ఆ అతుకు పై కొస సహజంగా వంపు తిరుగుతుంది, గోరు కొసలాగా. నాలుగు కొసలూ ఒకే ఎత్తులో ఉండాలని లేదు, ఒకటి కాస్త పైకి పోతుంది, ఒకటి ఆగిపోతుంది. మెషిన్ స్ప్లైస్‌లో రెండు కర్రలకీ పళ్లు కోసి ఒకదాంట్లో ఒకటి దిగేస్తారు. అక్కడ కొసలు సూదిలా మొనదేలి, నాలుగూ సమానంగా ఉంటాయి.

అమ్మేవాళ్లు రెండింటినీ "హ్యాండ్‌మేడ్" అనేస్తారు. మొన చూస్తే చాలు, తేలిపోతుంది. అలాగని వంపు కొస ఉంటే పాతదే అనుకోకండి, చేతి స్ప్లైస్ ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు. కొస ఎలా చేశారో చెబుతుంది, ఎప్పుడు చేశారో చెప్పదు. వయసు కోసం అతుకు మీదుగా గోటితో అడ్డంగా రాసి చూడండి. రెండు వేర్వేరు కర్రలు ఏళ్ల తరబడి వేర్వేరుగా ఆరి కుంచించుకోవడం వల్ల, మళ్లీ పాలిష్ పట్టని పాత క్యూల్లో కొన్నిచోట్ల అంచు లీలగా గోటికి తగులుతుంది. యాష్ కర్ర రంధ్రాల్లో చేతి జిడ్డు, ఫెరూల్ కింద, టిప్‌కి రాసే చాక్ రంగు ఇంకిపోయి ఉండటం కూడా మంచి సూచనలే. రంగు పూసి పాతబరిచిన క్యూలో నలుపు అంతటా ఒకేలా ఉంటుంది. నిజంగా ఆడిన క్యూలో చెయ్యి పట్టే చోట ఒకలా, ఎవరూ ముట్టని నడిమి భాగంలో ఇంకోలా ఉంటుంది.

అమెరికన్ ఫ్యాక్టరీ క్యూలు: కర్ర పాతది, పని ఎప్పటిది?

బ్రన్స్‌విక్ 1845లో సిన్సినాటిలో మొదలైంది. 1884 నుంచి బ్రన్స్‌విక్-బాల్క్-కొలెండర్ అన్న పొడవాటి పేరుతో నడిచింది, 1960లో బ్రన్స్‌విక్ కార్పొరేషన్ అయింది. పూర్తి పేరు ఉన్న స్టిక్కర్ మిగిలి ఉంటే అదే ఒక తేదీ. బాధేమిటంటే అది పలుచటి డెకాల్, ఒక్కసారి సాండ్‌పేపర్ తగిలితే పోతుంది. విల్లీ హోప్పే పేరున్న క్యూలు విరివిగా దొరుకుతాయి. ఆయన 1906లో పారిస్‌లో పద్దెనిమిదేళ్లకే ప్రపంచ టైటిల్ గెలిచాడు, 1959లో చనిపోయాడు. ఆయన పేరుని దశాబ్దాలపాటు వాడుకున్నారు కాబట్టి ఒక్క పేరుతో కాలం తేలదు. బట్ అడుగు దగ్గర ఉండే తెల్ల పట్టీని ఇప్పటికీ "హోప్పే రింగ్" అనే అంటారు, దాన్ని కొత్త క్యూలకీ వేస్తారు.

టైటిలిస్ట్ సంగతి వేరు. బ్రన్స్‌విక్ వాళ్ల ఈ ఒంటి కర్ర క్యూలో ఫుల్ స్ప్లైస్ ఉంటుంది. పైన షాఫ్ట్ వైపు మొనలు, కింద బట్ వైపు మొనలు రెండూ కనిపిస్తాయి. ఆ అతుకు గట్టితనం చూసి చాలామంది మేస్త్రీలు టైటిలిస్ట్‌ని మధ్యలో కోసి, జాయింట్ పెట్టి రెండు ముక్కల క్యూగా మార్చారు. వీటిని కన్వర్షన్ అంటారు. షికాగోలో హెర్మన్ రాంబో చేసినవీ ఉన్నాయి, పోయిన ఏడాది ఎవరో చేసినవీ ఉన్నాయి. కన్వర్షన్ కొనేటప్పుడు ముందు కర్ర వయసు, తర్వాత పని వయసు అడగాలి. రెండో దానికి జవాబు రాకపోతే, కోయని టైటిలిస్ట్ కొనడం మేలు. అది చౌకగా వస్తుంది, పైగా దాని గురించి ఎవరూ కథ అల్లలేరు. జాయింట్ మీదో స్క్రూ మీదో పేటెంట్ నంబరు కనిపిస్తే రాసుకోండి. అమెరికన్ పేటెంట్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. అంతకన్నా తేలిగ్గా తేదీ పట్టుకునే దారి ఈ రంగంలో లేదు.

1960లలో వచ్చిన పామర్ క్యూలని చాలామంది పట్టించుకోరు గానీ, చరిత్ర తేల్చుకోవాలనుకునేవాళ్లకి అవి హాయి. కొన్నింట్లో బట్ అడుగున పారదర్శక ప్లాస్టిక్ కింద కంపెనీ పేరు ఉంటుంది. పాత కేటలాగుల్లో మోడళ్ల బొమ్మలు ఉన్నాయి కాబట్టి ఉంగరాలు, కర్రలో పొదిగిన ముక్కలు లెక్కపెట్టి పోల్చుకోవచ్చు.

కస్టమ్ క్యూలు: కాగితం లేకపోతే వద్దు

జార్జ్ బాలబుష్కా 1912లో రష్యాలో పుట్టి, 1924లో అమెరికా వచ్చాడు. 1959 నుంచి 1975లో చనిపోయేవరకు క్యూలు చేశాడు. అన్నీ కలిపి వెయ్యి పైచిలుకు ఉంటాయని అంచనా. తొలి రోజుల్లో టైటిలిస్ట్ కర్రలు, తర్వాత బర్టన్ స్పెయిన్, గస్ జాంబోటి చేసిన కర్రలు వాడాడు. అంటే బాలబుష్కా క్యూలో స్ప్లైస్ బాలబుష్కాది కాకపోవచ్చు! కర్రనే నమ్మమని ఇంతదాకా చెప్పిన నేను కూడా ఇక్కడ కర్ర ఒక్కటే చాలదని ఒప్పుకోవాలి. అదే టైటిలిస్ట్ కర్రతో అదే కాలంలో వేరే మేస్త్రి చేసిన క్యూ దీనికి కవలలా ఉంటుంది.

దీనికి తోడు ఇంకో చిక్కు. 1986లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో బాలబుష్కా అని చూపించిన క్యూ నిజానికి జాస్ కంపెనీది. ఆ తర్వాత ఆ పేరుకి గిరాకీ పెరిగింది. జపాన్‌కి చెందిన ఆడమ్ కంపెనీ లైసెన్సు తీసుకుని జార్జ్ బాలబుష్కా పేరుతోనే ఫ్యాక్టరీ క్యూలు చేసింది. అవి దొంగ సరుకు కాదు, పేరు చట్టబద్ధంగానే ఉంది. కాకపోతే ఆయన చేతి పని కాదు. వాటిని అసలైనవని నమ్మి కొన్నవాళ్లూ, అసలైనవని నమ్మించి అమ్మినవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. ఈ తరగతిలో, ఆ మేస్త్రి పనిని ఏళ్లుగా చూసిన, నలుగురూ ఒప్పుకునే నిపుణుడి ధ్రువపత్రం ఉంటేనే ముందుకెళ్లండి. పత్రంలో ఆ క్యూ ఫొటోలు, కొలతలు ఉండాలి. "ఈ క్యూ అసలైనది" అన్న ఒక్క వాక్యం ఏ క్యూకైనా సరిపోతుంది కదా.

దంతమా, సెల్యులాయిడా?

పాత ఫెరూళ్లు, బ్యాడ్జ్‌లు, పొదిగిన ముక్కలు దంతంతో ఉండవచ్చు. దంతం బదులు సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్ వచ్చింది కూడా ఈ ఆట పుణ్యమే. దంతపు బంతులకి ప్రత్యామ్నాయం కనిపెడితే 10,000 డాలర్లు ఇస్తామని 1863లో ఒక అమెరికన్ బిలియర్డ్స్ కంపెనీ ప్రకటిస్తే, ఆ ప్రయత్నంలోనే జాన్ వెస్లీ హయత్ 1869లో సెల్యులాయిడ్ దాకా వచ్చాడు. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసిన ముఖం మీద ఒకదాన్నొకటి కోసుకునే వంపు గీతలు అల్లికలా కనిపిస్తాయి. సెల్యులాయిడ్‌లో గీతలు ఉంటే సమాంతరంగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. ఫెరూల్ అడ్డకోత ముఖం టిప్ కింద దాగి ఉంటుంది కాబట్టి, టిప్ మార్చే రోజే దాన్ని చూడటానికి సరైన సమయం. ఎర్రగా కాల్చిన సూది పెట్టి చూడమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

దంతం అని తేలితే విలువ పెరుగుతుందనుకునే రోజులు పోయాయి, ఇప్పుడు టెన్షనే ఎక్కువ. ఆఫ్రికా ఏనుగుని 1989లో సైటిస్ (అంతరించే జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో, అంటే కట్టడి అన్నిటికన్నా ఎక్కువుండే జాబితాలో చేర్చారు. బ్రిటన్‌లో 2018 నాటి దంతం చట్టం 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. 1947కి ముందు తయారై, దంతం పదిశాతం కంటే తక్కువున్న వస్తువుని కూడా రిజిస్టర్ చేయించాకే అమ్మాలి. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ 1992 నుంచి అదే మొదటి అనుబంధంలో ఉంది. అందుకని వేరే దేశం నుంచి తెప్పించుకునేటట్టయితే దంతం లేని, బ్రెజిలియన్ రోజ్‌వుడ్ కాని క్యూనే ఎంచుకోండి. ఇత్తడి ఫెరూల్, ఎబొనీ బట్ ఉన్న ఇంగ్లిష్ క్యూలకి ఈ తలనొప్పి చాలావరకు తక్కువ, ఎబొనీ ఏ దేశపుదో ఒకసారి అడిగితే చాలు.

బాగు చేసినదా, ఉన్నదున్నట్టుదా?

ఆడటానికైతే బాగు చేసినదే తీసుకోండి. కొత్త టిప్, గట్టి ఫెరూల్, నిటారుగా ఉన్న షాఫ్ట్ ఉంటే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలతో పని లేదు. దాచుకోవడానికైతే మడ్డి పట్టినదే మేలు. టిప్, ఫెరూల్ మార్చడం ఎవరూ తప్పుపట్టరు, అవి అరిగే భాగాలే. షాఫ్ట్ అంతా అరగదీసి మెరిపించడం, ఒంటి కర్ర క్యూని మోయడానికి వీలుగా రెండు ముక్కలు చేసి ఇత్తడి జాయింట్ పెట్టడం మాత్రం తిరిగి సరిచేయలేని పనులు. వంకర ఉందో లేదో బల్ల మీద దొర్లించి చూస్తారు. దానికి తోడు బట్ వైపు నుంచి ఒక కన్ను మూసి తుపాకీ గురి చూసినట్టు చూడండి. దొర్లించినప్పుడు ఎగిరే టిప్‌కి కారణం ఒక్కోసారి వంకర కాదు, అడ్డదిడ్డంగా అరగదీసిన బట్.

చరిత్ర ఎక్కడ వెతకాలి?

బ్యాడ్జ్, స్ప్లైస్, కొలతలు ఒకే కాలాన్ని చూపిస్తున్నాయా అన్నది మొదటి మెట్టు. ఆపైన కంపెనీ కేటలాగులు, పేటెంట్లు, పాత పత్రికలు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్‌లో పాత పత్రికలు ఉచితంగా చదవవచ్చు. ఆల్కాక్ లాంటి పేర్ల ప్రకటనలు అక్కడ దొరుకుతాయి. ఇవన్నీ క్యూ మోడల్ చరిత్ర చెబుతాయి. మీ చేతిలోని క్యూ ఎవరి చేతులు మారిందో చెప్పేవి వేరు: రసీదు, టోర్నమెంట్ ఫొటో, క్యూని దాచుకునే నల్ల రంగు వేసిన రేకు గొట్టం.

ఆ రేకు గొట్టాల మీద యజమాని పొడి అక్షరాలు రాయించుకునేవారు. ఆ అక్షరాలు చూసి ఫలానా ఛాంపియన్ క్యూ అని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. క్యూని గొట్టంలో పెట్టి చూడండి. నాలుగు అంగుళాల ఖాళీ మిగిలితే ఆ గొట్టం వేరే క్యూది, లేదా ఈ క్యూ ఒకప్పుడు పొడుగ్గా ఉండేది. గొట్టం మూత లోపల చాక్ పొడి, టిప్ తగిలి పడిన గుండ్రటి మచ్చ ఉంటే కాస్త నమ్మవచ్చు. నోటిమాటగా చెప్పే చరిత్రకి నేను పైసా ఎక్కువ ఇవ్వను. రాసిచ్చి సంతకం పెడతానంటే అప్పుడు మాట్లాడవచ్చు.

మరి ఏది తీసుకోవాలి?

మొదటి పాత క్యూ అయితే ఇంగ్లిష్ బ్యాడ్జ్ క్యూయే. తేదీ తేల్చడానికి అన్ని ఆధారాలూ దాని ఒంటి మీదే ఉంటాయి, మోసపోయినా నష్టం భరించగలిగేంతే. పెద్ద పేరుండి అరగదీసిన క్యూ, చిన్న పేరుండి ఎవరూ ముట్టని క్యూ రెండూ ఒకే ధరకి వస్తుంటే నేను రెండోదే తీసుకుంటాను. పూల్ ఆడేవాళ్లకి కోయని టైటిలిస్ట్, కేటలాగులో బొమ్మతో సరిపోయే పామర్ మంచి ఎంపికలు. టైటిలిస్ట్ ఒంటి కర్ర కావడంతో వెంట తీసుకెళ్లడం కష్టమే, అది ఇంట్లో బల్ల ఉన్నవాళ్లకి. కస్టమ్ క్యూల జోలికి ధ్రువపత్రంతో, తిరిగి ఇచ్చేసే గడువు రాతపూర్వకంగా ఉంటేనే వెళ్లండి.

డబ్బు పంపేముందు ఐదు ఫొటోలు అడగండి: స్ప్లైస్ నాలుగు కొసలూ తిప్పి తీసినవి, బ్యాడ్జ్ అంచు దగ్గరగా తీసినది, బట్ అడుగు, ఫెరూల్, పక్కన టేపు పెట్టి పూర్తి పొడవు. "లైటింగ్ బాగోలేదు", "రేపు పంపిస్తా" అంటూ స్ప్లైస్ ఫొటో ఒక్కటే రాకుండా ఆగిపోతే, ఆ క్యూని వదిలేసి ఇంకోటి చూసుకోండి.